పెళ్లి పీటల దగ్గర: పాఠకుల సందేహాలు, మా జవాబులు

ప్రశ్న: మా వాడికి బెంగళూరులో ఉద్యోగం, అమ్మాయి కూడా అక్కడే. పెళ్లి గంటన్నరలో అయిపోవాలని ఇద్దరూ పట్టుబట్టారు. మా పురోహితుడుగారేమో మూడు గంటలకు తగ్గదంటున్నారు. ఏవి తీసేయొచ్చు, ఏవి తీయకూడదు?
– ఒక తండ్రి, చిత్తూరు

జవాబు: గంటన్నరలో అవుతుంది. చిక్కల్లా, తొందరలో అందరూ కోత పెట్టేది కోయకూడనిదానికే. తలంబ్రాలు పడగానే ఫొటోగ్రాఫరు దంపతుల్ని పక్కకు లాక్కుపోతాడు, చుట్టాలు బంతికి లేస్తారు. హోమం, సప్తపది ఖాళీ కుర్చీల ముందు గబగబా ముగుస్తాయి. గృహ్యసూత్రాలు (ఇంట్లో జరిపే తంతుల పద్ధతి చెప్పే పాత గ్రంథాలు) చెప్పిన పెళ్లంతా ఉన్నది అక్కడే: పాణిగ్రహణం (చేయి పట్టడం), హోమం, సన్నికల్లు తొక్కించడం, లాజహోమం (పేలాలు అగ్నిలో వేయడం), ఏడడుగులు. జీలకర్ర-బెల్లం ఆ సూత్రాల్లో లేదు. తాళి కట్టడమూ లేదు. ‘మాంగల్యం తంతునానేన’ అన్నది వేదమంత్రం కాదు, తర్వాత వచ్చి చేరిన శ్లోకం. అలాగని వాటిని మానుకోమని కాదు. తెలుగువాళ్లకు ముహూర్తమంటే నెత్తిన జీలకర్ర-బెల్లం పెట్టే ఘడియే, దాన్ని తీసేస్తే మీ ఇంట్లో పెద్దవాళ్లే అది పెళ్లని ఒప్పుకోరు.

చట్టం కూడా దాదాపు ఇదే చెబుతుంది. 1955 నాటి హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ ప్రకారం ఇరువైపులా ఏ ఒక్కరి ఆచారం ప్రకారం తంతు జరిగినా చాలు. ఆ తంతులో సప్తపది ఉంటే మాత్రం ఏడో అడుగుతోనే పెళ్లి పూర్తయినట్టు. తంతు జరపకుండా రిజిస్ట్రేషన్ కాగితం ఒక్కటే తెచ్చుకుంటే ఆ చట్టం కింద పెళ్లి కాదని 2024లో సుప్రీంకోర్టు చెప్పింది. తంతు అసలే వద్దనుకునేవారికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, ముప్పై రోజుల ముందు నోటీసు ఇచ్చుకోవాలి.

ఇక టైము. లగ్నం మీ చేతిలో లేదు కాబట్టి అక్కడినుంచి వెనక్కి లెక్కేసుకోండి. గణపతి పూజ, స్నాతకం, కాశీయాత్ర ముందురోజు సాయంత్రమే కానిచ్చేయండి. అబ్బాయి పీటలమీద ఉండగానే అమ్మాయి గౌరీపూజ గదిలో నడిచిపోవాలి. కాళ్లు కడగడం, కన్యాదానం కలిపి ఇరవై నిమిషాలు. జీలకర్ర-బెల్లానికి ఐదు, మంగళసూత్రానికి పది, తలంబ్రాలకు పది. హోమం నుంచి ఏడడుగుల దాకా ముప్పై ఐదు. మొత్తం ఎనభై నిమిషాలు, పది నిమిషాలు చేతిలో మిగులు. ఊరేగింపు అరగంట ఆలస్యమైతే మాత్రం ఈ లెక్కంతా గంగపాలే, డీజేవాడికి ముందే చెప్పిపెట్టుకోండి.

ఏసీ హాలైతే పొగ అలారం సంగతి ముందుగా అడగండి. అడుగు వెడల్పు కుండం, కింద ఇటుకలు, లోపల రెండంగుళాల ఇసుక చాలు. పొగ రావడానికి కారణం నెయ్యి కాదు, పచ్చి సమిధలు. వారం ముందే కొని ఎండలో పెట్టండి.

ప్రశ్న: మా నాయన పోయి ఆరేళ్లయింది. కన్యాదానం అమ్మ చేతులమీదుగా జరగాలని నా కోరిక. విధవరాలు పీటలమీద కూర్చోకూడదని మేనమామ అంటున్నాడు. శాస్త్రం ఒప్పుకోదా?
– పెళ్లికూతురు, పలమనేరు

జవాబు: ఒప్పుకుంటుంది. యాజ్ఞవల్క్య స్మృతి మొదటి అధ్యాయంలో కన్యాదానం ఎవరు చేయొచ్చో వరస ఉంది: తండ్రి, తాత, సోదరుడు, సకుల్యుడు (అంటే ఆ వంశంవాడు), తర్వాత తల్లి. ముందువాడు లేకపోతే ఆ తర్వాతివారు. మీ మేనమామ పేరు ఆ వరసలో లేదమ్మా, మీ అమ్మ ఉంది! మీకు అన్నదమ్ములో, నాయన తరఫు పెద్దలో ఉంటే వరసలో వాళ్లు ముందొస్తారు నిజమే. వాళ్లు ‘వదినే చేయనీ’ అంటే ఇక అడ్డేముంది? పురోహితుడితో ఈ మాట లగ్నపత్రిక రాసే రోజునే అనుకోవాలి. పీటల దగ్గర మొదలుపెడితే వాదన ముదిరి లగ్నం దాటిపోతుంది. సంకల్పంలో గోత్రం, ప్రవర, మూడు తరాల పేర్లు మీ నాయన వైపువే చదువుతారు, కాగితంమీద రాసి ముందే ఇవ్వండి.

అసలు ‘దానం’ అన్న మాటే గిట్టని జంటలూ మాకు రాస్తున్నారు. కన్యాదానం లేనంత మాత్రాన పెళ్లి చెల్లకుండా పోదని 2024లో అలహాబాదు హైకోర్టు కూడా అంది.

ప్రశ్న: జీలకర్ర-బెల్లం పెడితే హెయిర్‌స్టైల్ పాడవుతుందని మేకప్ ఆమె అంటోంది. పైపైన తాకిస్తే చాలదా?
– తిరుపతి

జవాబు: పెట్టవలసిన చోటు నడినెత్తి, మాడు. అరచేయంత జాగా చాలు. స్ప్రే, పిన్నులు, పాపిటబిళ్ల గొలుసు అక్కడికి రాకుండా జడ కొంచెం వెనక్కి కట్టమనండి. ముహూర్తం పొద్దున చెబితే లాభంలేదు, ట్రయల్ రోజునే చెప్పాలి.

పాడయ్యేది ముద్దవల్ల కాదు, అందులో కలిపిన నీళ్లవల్ల. ఇద్దరికీ కలిపి యాభై గ్రాముల జీలకర్ర, అంతే బెల్లం. జీలకర్ర అరగంట నానబెట్టి, నీళ్లు పూర్తిగా వంపేసి, బెల్లంతో కచ్చాపచ్చాగా రోట్లో నూరాలి. మిక్సీలో తిరగలేదని ఒక చెంచా నీళ్లు పోశారా, మే నెల ఎండకు నుదుటిమీదికి కారి కళ్లలో పడుతుంది. ముందురోజు రాత్రే నూరితే పొద్దునకు చీమలు పడతాయి, లేదా పులుస్తుంది. ముహూర్తానికి రెండు గంటల ముందు నూరి తమలపాకులో పెట్టి ఉంచండి. ఆకుతో సహా నెత్తిన అదిమితే వేళ్లకూ జుట్టుకూ తక్కువ అంటుతుంది. తర్వాత గోరువెచ్చని నీళ్లతో బెల్లం కరగనిచ్చి, ఆపైన షాంపూ పెట్టండి. ముందు నూనె రాస్తే జిడ్డు, జిగురు రెండూ కలిసి గింజలు వదలవు.

ప్రశ్న: మిట్టమధ్యాహ్నం అరుంధతిని చూపిస్తే ఆకాశం చూసి తలూపడమేనా? మా పెళ్లికి నిజంగా చూడాలని ఉంది.
– శ్రీకాళహస్తి

జవాబు: ఇలాంటి ఉత్తరం వస్తే మాకు మహా సంతోషం. గృహ్యసూత్రాల్లో ఇది రాత్రి తంతే. చుక్కలు పొడిచాక ధ్రువుణ్ణి, అరుంధతిని, సప్తర్షుల్ని చూసి, అప్పటిదాకా పట్టిన మౌనం విడవమని ఆ సూత్రకర్తల్లో ఒకడైన ఆశ్వలాయనుడు చెప్పాడు. పెళ్లి పగటిపూటకు మారినా తంతు మిగిలింది, చుక్క పోయింది.

సప్తర్షి మండలం తోకలో మధ్యనున్న చుక్క వసిష్ఠుడు. దాన్ని ఆనుకుని మసకగా ఉన్నదే అరుంధతి. ఎప్పుడు కనబడుతుందన్నది నెలను బట్టి ఉంటుంది. వైశాఖంలో రాత్రి ఎనిమిదికి ఉత్తరాన బాగా పైకి వచ్చేసి ఉంటుంది, అంతకు మించిన అదను లేదు. శ్రావణంలో చీకటి పడగానే వాయవ్యంలో చూడాలి, ఆలస్యమైతే దిగిపోతుంది. మాఘంలో రాత్రి పది దాటాక ఈశాన్యంలో. కార్తికంలో సాయంత్రం అసలు ఉండదు, తెల్లవారుజామున నాలుగున్నరకు లేవండి.

మండపం ఫ్లడ్‌లైట్ల కింద నిలబడితే ఏమీ కనపడదు. మిద్దెమీదికెళ్లి, ఫోన్లు జేబులో పెట్టి, పది నిమిషాలు కళ్లను చీకటికి అలవాటు పడనివ్వండి. ధ్రువుడు మన వైపు దిగంతానికి పదమూడు, పద్నాలుగు డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. తిరుపతిలో అలిపిరి దగ్గరైతే కొండే అడ్డొస్తుంది. శ్రీకాళహస్తిలో ఉత్తరం వైపు తెరిపి ఉన్న మిద్దె చూసుకోండి.

ప్రశ్న: తాళి బొట్లు గొలుసుకే ఎక్కించి హుక్కు పెట్టేస్తే సరిపోతుందా?
– రేణిగుంట

జవాబు: హుక్కుకు మూడు ముళ్లు పడవు. ముహూర్తానికి పసుపుతాడు కట్టించండి, పదహారు రోజుల పండగనాడు గొలుసుకు మార్చుకోండి. తాడు మరీ సన్నగా, కొత్తగా ఉంటే ముడి జారుతుంది. ముందురోజు పసుపునీళ్లలో తడిపి ఆరబెడితే పట్టు వస్తుంది.

ప్రశ్న: తలంబ్రాలకు రంగురంగుల థర్మోకోల్ పూసలు వాడుతున్నారు. బియ్యం వృథా కాదని మా అమ్మాయి వాదన. పట్టుచీరకు పసుపు మరకా పడదట.
– పుత్తూరు

జవాబు: బియ్యం వృథా కాకుండా చూడటం తేలిక. పీటల కింద తెల్లటి కొత్త పంచె పరిచి, తలంబ్రాలయ్యాక నాలుగు కొసలూ పట్టి ఎత్తేయండి, తొక్కనివి పరమాన్నానికి వస్తాయి. థర్మోకోల్ అయితే జడలో దూరి సాయంత్రం రిసెప్షన్ దాకా రాలుతుంటుంది. ఊడ్చినా గాలికి లేచి కాలవలో పడుతుంది.

రెండు కిలోల నూకలేని బియ్యానికి ఇరవై గ్రాముల పసుపు, రెండు చెంచాల కరిగిన నెయ్యి. నీటిచుక్క తగలకూడదు. తడిస్తే ముద్దకట్టి పసుపు బట్టకు అంటుకుంటుంది. పొడిగా ఉంటే దులిపితే పోతుంది. చీరమీద మరక పడిందనుకోండి, సబ్బు మాత్రం పెట్టకండి. పసుపుకు సబ్బులోని క్షారం తగిలితే ఎర్రగా మారుతుంది, పారాణికి సున్నం కలిపినప్పుడు జరిగేది అదే. పొడిగుడ్డతో దులిపి, నలపకుండా నేరుగా డ్రైక్లీనింగుకు ఇచ్చి, అది పసుపు-నెయ్యి మరకని చెప్పండి.