బాల్ పైథాన్ పిల్ల తిండి ముట్టట్లేదా? (పెంపుడు జంతువుల ప్రశ్నలు-జవాబులు)

ఈసారి కుక్కలూ పిల్లులూ పక్కన పెట్టి పాము ఉత్తరాలే తీసుకున్నా. గోదావరి జిల్లాల నుంచి ఈ మధ్య అవే ఎక్కువొస్తున్నాయి, అందులో రెండింటికి ఆలస్యం చేస్తే ప్రాణాలమీదికి వచ్చేలా ఉంది.

ప్రశ్న: డాక్టరు గారూ నమస్తే అండి. మాది భీమవరం, ఇంజనీరింగ్ చదువుతున్నా. హైదరాబాద్‌లో ఒక బ్రీడర్ దగ్గర బాల్ పైథాన్ పిల్లని కొన్నా, అడుగున్నర ఉంటుంది. పెద్ద గాజు అక్వేరియంలో ఇసక పోసి హాల్లో టీవీ పక్కన పెట్టాం. తెచ్చి మూడు వారాలైంది, ఇంతవరకూ ఏమీ తినలేదు. రోజూ సాయంత్రం బతికున్న ఎలకని లోపల వదిలి పొద్దున్న తీస్తున్నా, ఇది మాత్రం ఉండ చుట్టుకుని పడుకుంటుంది. ఫ్రెండ్స్ వస్తే చేతికిస్తున్నా, అప్పుడు మాత్రం బుద్ధిగా ఉంటుంది, కరవదు. అమ్మేమో మేడ మీద రేకుల గదిలోకి మార్చెయ్యమంటుంది, నాయనమ్మ నాగుల చవితి వస్తుంది కదా పాలు పొయ్యరా అంటుంది. ఏం చెయ్యమంటారు?
- ఒక విద్యార్థి, భీమవరం

జవాబు: బాబూ, ముందు ఆ బతికున్న ఎలకని వదలడం మానెయ్యి, ఇవాళ్టి నుంచే. పాము తినకపోతే ఎలక ఊరుకోదు, రాత్రంతా దాన్ని కొరుకుతూనే ఉంటుంది, వీపు మీద కండ ఊడొచ్చేలా కొరికేసిన పాముల్ని తీసుకొస్తుంటారు మా దగ్గరికి. అడుగున్నర పిల్లకి ఒక్క గాయం చాలు.

ఇక తినకపోవడం సంగతి. బాల్ పైథాన్‌ది ఆఫ్రికా పడమటి వైపు, ఘనా, టోగో, బెనిన్ ఆ దేశాల ప్రాంతం. అక్కడ పగలంతా ఎలక బొరియల్లోనో చెదపుట్టల్లోనో దూరి ఉంటుంది, చీకటి పడ్డాకే తిరుగుతుంది. భయమేస్తే తల మధ్యలో దాచుకుని ఉండ చుట్టుకుంటుంది, పారిపోవడం కన్నా దానికి అదే అలవాటు. నువ్వు చెప్పినదాన్ని బట్టి నీ పిల్ల మూడు వారాలుగా భయంతోనే ఉంది. నాలుగు వైపులా గాజు, దాక్కోడానికి చోటు లేదు, పక్కన టీవీ అదురు, రోజూ కొత్త చేతులు. చేతిలో కదలకుండా ఉందంటే నచ్చిందని అనుకోకు, బిగుసుకుపోయి ఉంటుంది. ఇలాంటప్పుడు ఏ పిల్లా తినదు.

కాబట్టి అక్వేరియం పెద్దయ్యాక చూద్దాం, ఇప్పుడు మూత గట్టిగా క్లిప్పులు పడే ప్లాస్టిక్ టబ్బు, రెండడుగుల పొడవుది, చాలు. పక్కలకి వేడి చేసిన మేకుతో చిన్న చిన్న బెజ్జాలు పెట్టు, మేకు లోపలి నుంచి బయటికి గుచ్చితే గరుకు అంచులు దానికి తగలవు. లోపల దూరడానికి రెండు గూళ్ళు, ఒకటి వేడిగా ఉండే వైపు, ఒకటి చల్లగా ఉండే వైపు, ఒకేలాంటివి పెట్టు. గూడు ఇరుగ్గా ఉండాలి, చుట్టుకుని పడుకుంటే ఒళ్ళు అన్ని వైపులా గోడకి తగలాలి, అప్పుడే దానికి ధైర్యం. నీళ్ళ గిన్నె బోర్లా పడనంత బరువుది చూడు, నీళ్ళు రోజూ మార్చు. ఇసక తీసేసి న్యూస్ పేపర్ పరుచు, రెట్ట వేసిందో లేదో, పురుగులున్నాయో లేదో ఇట్టే తెలుస్తుంది. తర్వాత టబ్బుని మనుషులు తిరగని గదిలో పెట్టి వారం రోజులు నీళ్ళు మార్చడానికి తప్ప మూత తియ్యకు. ఫ్రెండ్స్‌కి మొహమాటం లేకుండా చెప్పెయ్, నాలుగైదు సార్లు వరసగా తిన్నాకే చేతికిస్తానని.

వేడి గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే ఈ పాము పెంపకం గురించి దొరికేదంతా చలి దేశాల వాళ్ళు రాసింది, దీపాలు పెట్టండి హీటర్లు పెట్టండి అనే ఉంటుంది, మన డెల్టాలో ఏడాదిలో ఎక్కువ రోజులు గండం వేడెక్కిపోవడమే. దానికి ఒక వైపు 31 నుంచి 33 డిగ్రీలు, రెండో వైపు 25 నుంచి 27 ఉండాలి, ఎటు కావాలంటే అటు పాక్కుంటూ వెళ్ళి ఒంటి వేడి సర్దుకుంటుంది. రెండు వైపులా 35 దాటిందంటే పారిపోయే చోటు లేక లోపలే ఉడికి చచ్చిపోతుంది. రోహిణి కార్తెలో మీ రేకుల గదిలో మధ్యాహ్నం మనిషే నిలబడలేడు, కాబట్టి అమ్మకి చెప్పు, ఆ గది మాట ఎత్తొద్దని. కింద గచ్చు మీద, ఎండ పడని గోడ పక్కన పెట్టు. వడగాడ్పు రోజుల్లో కరెంటు పోతే నీళ్ళ సీసా ఫ్రీజర్లో గడ్డ కట్టించి తువ్వాలు చుట్టి టబ్బు బయట ఒక చివర ఆనించు, పైన తడి గోనె కప్పు కానీ గాలి బెజ్జాలు మూసుకుపోకుండా చూసుకో.

డిసెంబరు, జనవరి రాత్రులు మాత్రం హీట్ మ్యాట్ కావాలి. టబ్బు కింద మూడో వంతు భాగానికే వెయ్యి, థర్మోస్టాట్ (వేడి హద్దు దాటకుండా ఆపే పరికరం) లేకుండా అసలు పెట్టకు, అది లేని మ్యాట్ మీద పడుకుని పొట్ట కాలిన పాములుంటాయి, కాలుతున్నా లేవవు అవి. థర్మామీటర్లు రెండు కొను, రెండు చివర్లా ఒక్కోటి, చేత్తో పట్టుకుని వెచ్చగానే ఉందిలే అనుకుంటే కుదరదు. తేమ 60 నుంచి 80 శాతం ఉంటే మంచిది, మనకి గాలిలోనే కావల్సినంత ఉంటుంది, ఏసీ గదిలో పెడితే తప్ప నీళ్ళు చిలకరించే పని పెద్దగా పడదు. ముసురు పట్టిన రోజుల్లో పేపరు తడిసి ముద్దయితే వెంటనే మార్చు, తడి మీదే పడుకుంటే పొట్ట కింద పొలుసులు ఎర్రబడి పుండవుతాయి.

వారం తర్వాత తిండి. చంపి గడ్డ కట్టించిన ఎలకపిల్లని తీసుకో, పాము ఒళ్ళు ఎక్కడ లావుగా ఉందో అంత మందంది. ముందురోజు రాత్రి ఫ్రిజ్ కింద అరలో విడిగా పెట్టి కరగనివ్వు, తర్వాత కవర్లో కట్టి వేడి నీళ్ళలో ముంచి ఉంచు, మైక్రోవేవ్‌లో పెట్టకు, లోపల ఉడికి పగిలిపోతుంది. ఇక్కడే చాలామంది తప్పిపోతారు. ఈ పాము పెదవుల వెంబడి చిన్న చిన్న గుంటలుంటాయి, దగ్గరగా చూస్తే కనపడతాయి, వాటితో వేడిని పసిగడుతుంది. నువ్వు చల్లటి ఎలకని ఇస్తే అది దానికి తిండిలా తోచదు. తల భాగం 38 డిగ్రీల దగ్గర ఉండగా తుడిచి, దీపాలార్పేసి, పొడుగు పట్టకారతో గూటి ముందు మెల్లగా కదుపు. నాలుక గబగబా ఆడించడం ఆపి, మెడ ఎస్ ఆకారంలో వెనక్కి లాక్కుందంటే కొడుతుందన్నమాట, చెయ్యి కదపకు. పది నిమిషాల్లో తినకపోతే తీసెయ్, మళ్ళీ ఆరేడు రోజుల దాకా అడక్కు. రోజూ పెట్టి విసిగిస్తే ఇంకా బిగుసుకుంటుంది. తిన్నాక రెండు రోజులు ముట్టుకోవద్దు, కక్కేస్తే పది పదిహేను రోజులు పొట్టకి విశ్రాంతినివ్వు.

ఇంకోటి, డబ్బులు దండగెందుకని చేలో బుట్టలకి పడ్డ ఎలకల్ని మాత్రం తెచ్చి వెయ్యకు. దాళ్వా, సార్వా రెండింటికీ మన రైతులు ఎలకల మందు పెడతారు, జింక్ ఫాస్ఫైడో బ్రోమాడయోలోనో. పాము ఎలకని కడుపులో ఉన్నదాంతో సహా మింగుతుంది కదా, ఆ మందు కూడా దాని ఒంట్లోకి వెళ్తుంది. పురుగులు, జబ్బులు సరేసరి.

పాల గురించి నాయనమ్మ గారికి నా మాటగా చెప్పు, పూజ పుట్ట దగ్గర చేసుకోమను, కానీ దీనికి పాలు అరగవు, దప్పికతో ఉన్నది తాగినా ఊపిరి గొట్టంలోకి పోయిందంటే న్యుమోనియా వస్తుంది. పసుపు, కుంకుమ కూడా చల్లనివ్వకు.

వంటింటి ఎలక్ట్రానిక్ కాటా మీద వారానికోసారి డబ్బాతో సహా తూచి రాసుకో. తూకం పదో వంతు తగ్గినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలొస్తున్నా ఆగొద్దు, బలవంతంగా నోట్లో కుక్కొద్దు, గన్నవరం వెటర్నరీ కాలేజీకి ముందు ఫోన్ చేసి పాముల్ని చూసే డాక్టరు ఏ రోజు ఉంటారో కనుక్కుని వెళ్ళు.

చివరిగా, నమోదు చేయించావా? ఇది విదేశీ జాతి, వన్యప్రాణుల వ్యాపారాన్ని దేశాల మధ్య అదుపు చేసే సైటిస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉంది. 2022లో వన్యప్రాణి చట్టం సవరించాక, 2024 ఫిబ్రవరిలో వచ్చిన నియమాల ప్రకారం ఇలాంటిది తెచ్చుకున్న 30 రోజుల్లోపు కేంద్ర పర్యావరణ శాఖ వాళ్ళ పరివేష్ పోర్టల్‌లో నమోదు చెయ్యాలి. ఇంకొకరికి ఇచ్చినా, చచ్చిపోయినా అందులో తెలపాలి. మూడు వారాలైందన్నావు, గడువు దగ్గరపడింది, బ్రీడర్ దగ్గర కాగితాలు అడిగి ఈ వారమే చేసెయ్.

ప్రశ్న: మా అబ్బాయి ఇంటర్, బాల్ పైథాన్ కావాలని ఏడాదిగా పోరు పెడుతున్నాడండి. పాపకి నాలుగేళ్ళు. విషం లేదంటున్నాడు, తెచ్చుకోవచ్చా?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: విషం లేని మాట నిజమేనమ్మా. కానీ మీ ఇంట్లో ఇప్పుడే వద్దని నా అభిప్రాయం. పాముల పేగుల్లో సాల్మొనెల్లా అనే క్రిమి ఉంటుంది, పాముకి ఏమీ కాదు, ఐదేళ్ళ లోపు పిల్లలకి మాత్రం విరోచనాలు, జ్వరం గట్టిగా పట్టుకుంటాయి. పెద్దవాళ్ళు సబ్బుతో చేతులు కడుక్కుంటారు, నాలుగేళ్ళ పాప చెయ్యి నోట్లోకి పోకుండా ఎవరం కాపలా కాస్తాం?

రెండోది, బాబు ఇంటర్ అయ్యాక చదువుకి ఏ ఊరెళ్తాడో, పాము మాత్రం మీ దగ్గరే ఉంటుంది. ఇవి ఇళ్ళల్లో 20, 30 ఏళ్ళు బతుకుతాయి. అమెరికాలో సెయింట్ లూయిస్ జూలో 1961 నుంచి ఉన్న ఆడ బాల్ పైథాన్ ఒకటి 2020లో గుడ్లు పెట్టింది. విసుగొచ్చి కాలవలో వదిలేద్దాం అనుకోకూడదు, అది ఇక్కడి జీవి కాదు, అమెరికాలో ఫ్లోరిడా చిత్తడి నేలల్లో అలా చేరిన బర్మా కొండచిలువలు అక్కడి కుందేళ్ళనీ రకూన్లనీ ఊడ్చిపెట్టేశాయి. పాప పెద్దయ్యి, బాబు ఉద్యోగంలో కుదురుకున్నాక అప్పుడూ ఇదే ఇష్టం ఉంటే వాడి ఇంట్లో వాడే పెంచుకుంటాడు.

ప్రశ్న: ఆయ్, మాది అమలాపురం దగ్గరండి. మా చుట్టూ కొబ్బరి పొట్టే కదా, పాము కింద అదే వెయ్యొచ్చాండి? మొన్న కుబుసం ముక్కలు ముక్కలుగా వచ్చింది, తోక చివర ఇంకా అతుక్కుని ఉంది.
- ఒక పాఠకుడు, అమలాపురం

జవాబు: వెయ్యొచ్చండి, మంచిది కూడా, తేమ పట్టి ఉంచుతుంది. కాకపోతే కాలవల్లో, ఉప్పునీళ్ళల్లో నానబెట్టిన పీచు నుంచి వచ్చిన పొట్టయితే ఉప్పుంటుంది, రెండు మూడు సార్లు మంచినీళ్ళతో కడిగి, ఎండబెట్టి, పిడికిట్లో పిండితే నీళ్ళు కారనంత తడితో వాడండి. చిన్న పిల్లకి కొబ్బరి చిప్ప బోర్లించి ఒక పక్క దారి కోస్తే గూడుగా కూడా సరిపోతుంది, అంచులు నున్నగా అరగదీయండి.

కుబుసం విడిచే ముందు కళ్ళు నీలంగా మబ్బుగా అవుతాయి, మళ్ళీ తేటపడి నాలుగైదు రోజులకి ఊడుతుంది. కళ్ళు మబ్బేసినప్పటి నుంచి తేమ కాస్త పెంచి, చేత్తో పట్టకుండా ఉంటే తల నుంచి తోక దాకా ఒకే ముక్కగా వస్తుంది. ముక్కలైందంటే తేమ చాలలేదు. తోకకి అతుక్కున్నది పీకకండి. గోరువెచ్చటి నీళ్ళలో తడిపిన గుడ్డ డబ్బాలో వేసి అరగంట అందులో తిరగనివ్వండి, అదే జారిపోతుంది. తోక చివర అలాగే ఉంచితే బిగుసుకుని రక్తం ఆగి నల్లబడుతుంది, కాబట్టి వదిలెయ్యకండి. ఊడిన కుబుసంలో కంటి మీది గుండ్రటి పొరలు రెండూ ఉన్నాయో లేదో చూడండి, లేకపోతే కంటి మీదే ఉండిపోయినట్టు. దాన్ని గోటితో గీకొద్దు, డాక్టరుకి చూపించండి.

ప్రశ్న: వరి కోతల్లో చేలో చిన్న కొండచిలువ పిల్ల దొరికిందండి, ఒంటి మీద మచ్చలున్నాయి, లావుగా పొట్టిగా ఉంది. డ్రమ్ములో వేసి ఉంచాం. మావోడు పెంచుతానంటున్నాడు.
- ఒక రైతు, ఆకివీడు

జవాబు: దయచేసి ఆ డ్రమ్ములో ఎవ్వరూ చెయ్యి పెట్టకండి. లావుగా పొట్టిగా మచ్చలతో చేలో దొరికిందంటే అది రక్తపింజరి అయ్యుండే అవకాశం చాలా ఎక్కువ. వీపు మీద గొలుసు వేసినట్టు మూడు వరసల ముదురు మచ్చలు, వాటి చుట్టూ నల్లంచు, తల మూడు మూలల ఆకారంలో, కదిపితే ప్రెషర్ కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస, ఇవి రక్తపింజరి గుర్తులు. పిల్లకి కూడా పూర్తి విషం ఉంటుంది. కొండచిలువ పిల్ల అనుకుని పట్టుకుని ప్రాణం మీదికి తెచ్చుకున్నవాళ్ళు ప్రతి ఏడాదీ ఉంటారు.

మూత మీద బరువు పెట్టి, పిల్లల్ని దూరంగా ఉంచి, అటవీ శాఖకి ఫోన్ చెయ్యండి. ఒకవేళ నిజంగా కొండచిలువే అయినా మన దేశపు కొండచిలువ వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్లో ఉంది, ఇంట్లో ఉంచుకుంటే జైలు దాకా వెళ్తుంది.

ఎవరికైనా కాటు పడితే గట్టిగా కట్లు కట్టకండి, బ్లేడుతో కోయకండి, నాటు మందుకి తీసుకెళ్ళకండి. ఉంగరాలు, గాజులు తీసేసి, కాలో చెయ్యో కదలకుండా కర్ర ఆనించి, 108కి ఫోన్ చేసి, విరుగుడు మందున్న ప్రభుత్వాసుపత్రికి నేరుగా తీసుకెళ్ళండి. పాముని చంపి వెంట తీసుకెళ్ళక్కర్లేదు. మన దగ్గరిచ్చే విరుగుడు తాచు, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి నాలుగింటికీ ఒకటే.