ఐర్లాండ్ రైలు ఇంజన్లు, పెట్టెల మోడల్స్ అసలుకు దగ్గరగా చేయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది. మీరు కార్క్‌లో ఉంటున్నారు. ఎనిమిదేళ్ల బాబుకి రైళ్లంటే ప్రాణం. ఎవరో అమ్ముతుంటే ఓఓ స్కేల్‌లో (అసలు రైలుకి దాదాపు 76వ వంతు సైజు) బ్రిటిష్ మార్క్ 3 రకం ప్రయాణికుల పెట్టెల మోడల్స్ నాలుగు కొన్నారు. వాటికి నారింజ, నలుపు రంగులు వేస్తే 1990లలో డబ్లిన్, కార్క్ మధ్య తిరిగిన రైలు అయిపోతుందా, ముందు ఏ ఇంజన్ పెట్టాలి, మామూలు 16.5 మిల్లీమీటర్ల పట్టాలు సరిపోతాయా అని అడిగారు. మీరు చేయబోతున్న పనితోనే నేనూ మొదలుపెట్టాను, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మాది కాజీపేట. నాన్న డీజిల్ షెడ్‌లో పనిచేసేవారు. సాయంత్రం ఆయన బట్టల నుంచి వచ్చే డీజిల్ వాసనతో పెరిగాను. ఉద్యోగం కోసం డబ్లిన్ వచ్చాక ఒకరోజు హ్యూస్టన్ స్టేషన్‌లో 201 క్లాస్ అనే రకం డీజిల్ ఇంజన్ స్టార్ట్ అవుతుంటే విని అక్కడే ఆగిపోయాను. దాని లోపల ఉన్నది ఈఎండీ (జనరల్ మోటార్స్ రైలింజన్ల విభాగం) వాళ్ల 12 సిలిండర్ల 710 రకం డీజిల్ మోటారు. మన దగ్గర డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4లలో ఉండేది అదే కుటుంబానికి చెందిన 16 సిలిండర్లది. వేల మైళ్ల దూరంలో ఇంటి గొంతు వినపడినట్టైంది. మోడల్స్ చేయడం అలా మొదలైంది.

మొదట ఒక బ్రిటిష్ మార్క్ 3 పెట్టె కొని రెండు నెలలు కూర్చుని రంగులు వేశాను. నారింజ, మధ్యలో నల్ల పట్టీ, దానికి పైనా కిందా సన్నటి తెల్ల గీతలు. చాలా బాగా వచ్చిందనుకున్నాను. ఊళ్లో మోడల్ రైల్వే వాళ్లు వారానికోసారి కలుస్తారు, అక్కడికి తీసుకెళ్లాను. రైల్వేలో రిటైరైన ఒక పెద్దాయన దాన్ని చేతిలోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి, నెమ్మదిగా అన్నారు: "రంగు బాగా వేశావు బాబూ. తలుపులే మావి కావు."

ఆయన చెప్పింది నిజం. బ్రిటన్ మార్క్ 3కి చివర్లలో చేత్తో తీసి వేసే తలుపులుంటాయి. కీళ్లు, హ్యాండిల్, కిందికి దించే కిటికీ అన్నీ మోడల్ మీద ఉబ్బెత్తుగా కనిపిస్తాయి. ఐర్లాండ్ మార్క్ 3లకు గాలి పీడనంతో పనిచేసే ప్లగ్ తలుపులు పెట్టారు. మూసుకున్నాక అవి పెట్టె గోడతో సమానంగా, నున్నగా ఉంటాయి. రంగు ఎంత బాగా కుదిరినా, ఆ రైలెక్కి తిరిగిన వాళ్ల కళ్లు ముందు తలుపు దగ్గరే ఆగుతాయి. మీ ఊళ్లో అలాంటి వాళ్లు చాలామంది ఉంటారు.

కాబట్టి మీ నాలుగు పెట్టెలకీ రంగు కన్నా ముందు తలుపుల పని ఉంది. కొత్త బ్లేడుతో కీళ్లు, హ్యాండిళ్లు చెక్కేయండి. పాత తలుపు గీతల్లో మోడల్ పుట్టీ నింపి, ఒక రాత్రంతా ఆరనిచ్చి, నీళ్లలో తడిపిన సన్న ఉప్పుకాగితంతో రుద్దండి. తర్వాత ఫోటో చూసుకుంటూ కొత్త తలుపు అంచుల్ని సూదిమొనతో, ఇనుప స్కేలు ఆనించి, చాలా తేలిగ్గా ఐదారు సార్లు గీయండి. ఒక్కసారే బలంగా గీస్తే సూది పక్కకి జారుతుంది. నేను మొదటి పెట్టెకి నాలుగు మూలల్లో మూడు సార్లు పుట్టీ పెట్టాల్సి వచ్చింది. నాలుగో పెట్టె వచ్చేసరికి ఒక ఆదివారంలో అయిపోయింది.

ఒక చిన్న మాట. మనం బోగీ అంటే పెట్టె మొత్తం అనుకుంటాం. ఇక్కడ బోగీ అంటే పెట్టె కింద చక్రాలుండే చట్రం మాత్రమే. విడిభాగాలు ఆర్డర్ చేసేటప్పుడు గుర్తుంచుకోండి.

ఇప్పుడు చాలామంది మర్చిపోయే సంగతి, జనరేటర్ వ్యాన్, అంటే రైలు మొత్తానికి కరెంటు పుట్టించే పెట్టె. బ్రిటన్‌లో పెట్టెలకి కరెంటు ఇంజన్ నుంచి వచ్చేది, అందుకే అక్కడి మోడల్ సెట్లలో ఈ వ్యాన్ ఉండదు. ఐర్లాండ్ కథ వేరు. 1960ల నుంచి అమెరికాలోని జనరల్ మోటార్స్ నుంచి తెప్పించిన డీజిల్ ఇంజన్లలో ఆవిరి బాయిలర్ లేదు. చలికాలంలో పెట్టెలు వెచ్చగా ఉండాలంటే రైలుకి ఆవిరి పుట్టించే వ్యాన్ ఒకటి తగిలించాల్సిందే. 1972లో ఏసీ పెట్టెలు వచ్చినప్పుడు దాని స్థానంలో జనరేటర్ వ్యాన్ వచ్చింది, మార్క్ 3లతోనూ ఆ పద్ధతే కొనసాగింది. మీ రైల్లో ఆ వ్యాన్ లేకపోతే అసలు రైల్లో అయితే లైట్లే వెలగవు. వ్యాన్‌ని ఒక మార్క్ 3 పెట్టె కోసి చేయొచ్చు. కిటికీలు మూసి, గాలి పీల్చే గ్రిల్స్ పెట్టాలి. నేను గ్రిల్స్ ఇత్తడి ఎచింగ్ షీటు నుంచి కత్తిరించి అతికించాను. కష్టమైన పని. నా మోడల్స్ అన్నిటిలో నాకు ఎక్కువ ఇష్టమైంది మాత్రం ఆ వ్యానే.

బెల్ఫాస్ట్ వెళ్లే ఎంటర్‌ప్రైజ్ రైలు చూసినా ఈ విషయం తెలుస్తుంది. 1997లో డి డీట్రిష్ పెట్టెలు వచ్చినప్పుడు కరెంటు 201 ఇంజనే ఇచ్చేది. 2012లో దానికి కూడా జనరేటర్ వ్యాన్లు తగిలించారు. అంటే 2005 నాటి ఎంటర్‌ప్రైజ్ మోడల్‌కి వ్యాన్ పెడితే తప్పు, 2014 దానికి పెట్టకపోతే తప్పు.

అందుకే నన్ను ఎక్కడ మొదలుపెట్టాలని అడిగితే ఒక్కటే చెబుతాను: ఒక ఫోటో ఎంచుకోండి. తేదీ, స్టేషన్ తెలిసిన ఒకే ఒక్క ఫోటో. అందులో కనిపించిన రైలునే, ఆ రోజు ఎలా ఉందో అలాగే చేయండి. "1990ల రైలు" అనుకుంటే రోజుకో ప్రశ్న పుడుతుంది. "1995 ఆగస్టులో 'మాలో' (Mallow) అనే స్టేషన్‌లో నిలబడిన ఈ రైలు" అనుకుంటే సగం ప్రశ్నలకి ఫోటోయే జవాబిస్తుంది. మిగతా వాటికి ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

రంగులు చూసి కాలాన్ని పట్టుకోవడం కూడా నేర్చుకోండి. 1972లో ఏసీ పెట్టెలతో వచ్చింది 'సూపర్‌ట్రెయిన్' రంగు: నారింజ, కిటికీల చుట్టూ నల్ల పట్టీ, తెల్ల గీతల్లేవు. 1987లో ఇయార్న్‌రోడ్ ఏరన్ అనే కొత్త సంస్థ ఏర్పడ్డాక ఆ పట్టీకి సన్నటి తెల్ల గీతలు చేరాయి. ఇక్కడి వాళ్లు దాన్ని ముద్దుగా 'టిపెక్స్' అంటారు, తెల్ల కరెక్షన్ ఫ్లూయిడ్ పేరు మీద. అంటే గీతలున్న పెట్టె 1980 నాటి రైల్లో ఉండకూడదు. ఇంజన్ల నంబర్లూ అంతే. 1955లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన 'ఏ' (A) క్లాస్ ఇంజన్లు మొదట వెండి రంగులో ఉండేవి, తర్వాత ఆకుపచ్చ, ఆ తర్వాత నలుపు. వాటిలోని క్రాస్లీ ఇంజన్లతో విసిగిపోయి 1960ల చివర్లో జనరల్ మోటార్స్ ఇంజన్లు బిగించడం మొదలుపెట్టారు. అలా మార్చిన వాటి నంబర్ చివర 'ఆర్' చేరింది. 1972లో ఆ అక్షరాలన్నీ పోయి 001 లాంటి నంబర్లొచ్చాయి. ఒకే ఇంజన్, ఇన్ని వేషాలు. ఏ39ఆర్ ఇప్పటికీ డౌన్‌ప్యాట్రిక్ మ్యూజియం రైల్వేలో ఉంది. బాబుని తీసుకెళ్లండి, దగ్గర్నుంచి చూస్తే దాని బోగీల పరిమాణం ఫోటోలో ఎన్నడూ అర్థం కానంతగా అర్థమవుతుంది.

ఇంజన్ గురించి మీకు ఎక్కువ టెన్షన్ అక్కర్లేదు. 1994 తర్వాతి రైలైతే 201 క్లాస్ పెట్టండి. ఆ క్లాస్‌లో మొదటి ఇంజన్ని కెనడా నుంచి ఆంటొనోవ్ విమానంలో డబ్లిన్‌కి తెచ్చారు, బాబుకి ఈ సంగతి చెబితే కళ్లు పెద్దవి చేసుకుంటాడు. అంతకు ముందు కాలమైతే 071 క్లాస్. అవి 18 ఇంజన్లు, 1976లో అమెరికాలో తయారయ్యాయి. ఈ రెండూ మర్ఫీ మోడల్స్ వాళ్లవి ఓఓలో బాగా వచ్చాయి, కొత్తవి దొరక్కపోతే సెకండ్ హ్యాండ్‌లో చూడండి. బ్రిటిష్ ఇంజన్‌కి ఐర్లాండ్ రంగు వేసి సర్దుకోవద్దు.

ఇక పట్టాలు. ఐర్లాండ్ గేజ్ (రెండు పట్టాల మధ్య వెడల్పు) 5 అడుగుల 3 అంగుళాలు, అంటే 1600 మిల్లీమీటర్లు. మొదట్లో ఇక్కడ ఒక్కో కంపెనీ ఒక్కో వెడల్పు వేసింది. డబ్లిన్ నుంచి కింగ్స్‌టౌన్ (ఇప్పటి డన్ లీరి) లైను 4 అడుగుల 8½ అంగుళాలు, ఉత్తరాన అల్‌స్టర్ రైల్వే 6 అడుగుల 2 అంగుళాలు. చివరికి 1846 చట్టంతో 5 అడుగుల 3 అంగుళాలు ఖాయమైంది. ఓఓ స్కేల్‌లో ఒక అడుగుకి 4 మిల్లీమీటర్లు. అంటే సరైన వెడల్పు 21 మిల్లీమీటర్లు. మీరు అడిగిన 16.5 పట్టాలు ఆ లెక్కన 4 అడుగుల ఒకటిన్నర అంగుళమే అవుతాయి. మన 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్‌ని ఇదే స్కేల్‌లో చేయాలంటే 22 కావాలి. ఇండియా రైళ్లు చేసేవాళ్లదీ ఇదే బాధ.

నేను 21తో ప్రయత్నించాను. రాగి పూసిన స్లీపర్ల మీద పట్టా ఒక్కొక్కటీ టంకం పెట్టి అతికించాలి, చక్రాలకి కొత్త ఇరుసులు వేయాలి. మీటరు పొడవు బల్ల మీద ఒక చిన్న సైడింగ్ (పక్క లైను) చేశాను. ఒక్క పాయింట్ (రైలుని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పట్టాల జోడు) వేయడానికే మూడు వారాలు పట్టింది. ఎదురుగా నిలబడి చూస్తే ఆ వెడల్పు చూసి కడుపు నిండుతుంది. అసలు ఐర్లాండ్ రైలు అలాగే ఉంటుంది, కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డట్టు. కానీ ఎనిమిదేళ్ల పిల్లాడు రోజూ నడిపే రైలుకి అది తగదు. మీరు 16.5తోనే వెళ్లండి. బల్లని కాస్త ఎత్తులో పెట్టి, పక్కనుంచి చూసేలా అమర్చండి. పక్కనుంచి చూస్తే గేజ్ తేడా కనపడదు, మీరు తలుపులకి పడ్డ శ్రమ కనపడుతుంది.

రంగు గురించి రెండు విషయాలు. ఆ నారింజ ప్రతి ఫోటోలో ఒక్కోలా ఉంటుంది. ఎండకి వెలిసినవి కొన్ని, కొత్తగా వేసినవి కొన్ని. పైగా చిన్న వస్తువు మీద అసలు రంగు అలాగే వేస్తే మరీ ముదురుగా కనిపిస్తుంది, కొంచెం తెల్లరంగు కలిపి తేలిక చేయాలి. మీ బల్ల మీద ఏ బల్బు వెలుగుతుందో ఆ వెలుతుర్లోనే రంగు చూసుకోండి. నల్ల పట్టీకి టేపు వేశాక, దాని అంచు మీద ముందు నారింజే ఇంకో పలుచటి పూత కొట్టండి. టేపు కింద చొచ్చుకుపోయేది ఆ నారింజే కాబట్టి తర్వాత నలుపు కొడితే గీత కత్తితో కోసినట్టు వస్తుంది. తెల్ల గీతలకి నీళ్లలో నానబెట్టి అతికించే ట్రాన్స్‌ఫర్లు వాడండి.

వార్నిష్ మాత్రం వాన రోజున కొట్టకండి. నవంబర్‌లో ఓ సాయంత్రం గ్యారేజీలో వార్నిష్ కొట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే నల్ల పట్టీ అంతా పాలు పోసినట్టు తెల్లబారింది. గాలిలో తేమ పట్టేసింది. మూడు వారాల పని, ఏడుపొచ్చినంత పనైంది. మళ్లీ మొదటి నుంచి రుద్ది వేశాను. ఈ దేశంలో వాన లేని రోజు కోసం కాచుకు కూర్చోవాలి, లేదంటే హీటర్ వేసిన గదిలో కిటికీ తీసి కొట్టుకోవాలి.

కొలతలకి, పాత ఫోటోలకి హ్యూస్టన్‌లో ఐరిష్ రైల్వే రికార్డ్ సొసైటీ వాళ్ల లైబ్రరీ ఉంది, వెళ్లే ముందు ఎప్పుడు తెరిచి ఉంటుందో కనుక్కోండి. తర్వాత ఎప్పుడైనా మార్క్ 3 కన్నా పాత రైలు చేయాలనిపిస్తే, 1960ల నాటి క్రేవెన్స్ పెట్టెలతో ఆర్‌పీఎస్ఐ (పాత రైళ్లని కాపాడే ఐర్లాండ్ సంఘం) వాళ్లు ప్రత్యేక రైళ్లు నడుపుతారు. టిక్కెట్టు కొని ఎక్కి, లోపల సీటు రంగు దగ్గర్నుంచి మీరే చూసుకోవచ్చు.

మీ నాలుగు పెట్టెల్లో ఒకటి వ్యాన్‌కి పోతుంది కాబట్టి మిగిలేది మూడు. కార్క్ రైలుకి అవి తక్కువే. ఇంకో మూడు కొనే ముందు ఈ మూడింటి తలుపులు పూర్తి చేయండి. మొదటి పెట్టె పుట్టీ ఆరాక ఒక ఫోటో ఇక్కడ కామెంట్లో పెట్టండి, గీత ఎక్కడ గీయాలో చూసి చెబుతాను.