హామ్లెట్ కథను తెలుగులో చర్చించడానికి ఏ మాటలు పనికొస్తాయి?

డిగ్రీ సెమినార్‌లో షేక్‌స్పియర్ నాటకం హామ్లెట్ కథ మీద తెలుగులో మాట్లాడాలి, పగ, ప్రతీకారం అన్న రెండు మాటలు దాటి నోరు పెగలడం లేదు, ఏవైనా పదాలు చెప్పండి అని అడిగారు. తిరుపతిలో డిగ్రీ పిల్లలకు ఈ నాటకం చాలా ఏళ్ళుగా చెబుతున్నాను. వాళ్ళలో ఎక్కువమంది పుత్తూరు, పలమనేరు, పీలేరు పక్క పల్లెల్లో తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళు. వాళ్ళతో వాదించీ వాదించీ నాకొకటి తేలింది. ఈ కథలో ముఖ్యమైన ప్రతి సంఘటనకూ తెలుగులో రెండు మూడు మాటలు సిద్ధంగా ఉన్నాయి. వాటిలో ఏది పలికితే ఆ పాత్ర మీద ఆ తీర్పు ఇచ్చేసినట్టే. అందుకని పదాలు బట్టీ పట్టకండి, ఘట్టం పక్కన పెట్టి చూడండి.

అన్నిటికంటే ముందు మూడో అంకంలో ప్రార్థన ఘట్టం తీసుకోండి. హామ్లెట్ తండ్రి అయిన తన అన్నను చంపి రాజైన క్లాడియస్ ఒంటరిగా మోకాళ్ళ మీద ప్రార్థన చేసుకుంటుంటాడు. హామ్లెట్ వస్తాడు, కత్తి దూస్తాడు, చంపకుండా వెళ్ళిపోతాడు. ఒకసారి ఇది చెబుతుంటే వెనక బెంచీ పిల్లవాడొకడు లేచి, “కత్తి చేతిలోనే ఉండాది, ఆ యప్ప కండ్లు మూసుకోని కూర్చోనుండాడు, ఏంటికి నరకలే మేడమ్?” అన్నాడు. ఈ నాటకం మీద విమర్శకులు ఇన్ని శతాబ్దాలుగా రాస్తూ వస్తున్నది ఆ ప్రశ్న గురించే. తరగతిలో తలా ఒక జవాబు చెప్పారు. జంకినాడు అన్నారు, సంకోచం అన్నారు, తాత్సారం అన్నారు, పిరికితనం అని కూడా అన్నారు.

ఈ మాటలు ఒకటి కావు. జంకడం ఒంటికి సంబంధించింది, చెయ్యి ఆడకపోవడం. సంకోచం మనసుది, చేయవచ్చా కూడదా అని లోపల లాగడం. తాత్సారం అంటే నేరం మోపినట్టే, చేయవలసిన పని తెలిసీ సాగదీశాడని. జాప్యం ఎవరినీ తప్పు పట్టదు, ఆలస్యమైందని మాత్రమే చెబుతుంది. మరి ఆ ఘట్టంలో హామ్లెట్ తన నోటితో ఏం చెబుతాడు? ప్రార్థనలో ఉన్నవాణ్ణి చంపితే వాడు నేరుగా స్వర్గానికి పోతాడు, అది ప్రతీకారం కాదు, వాడు పాపంలో ఉన్న వేళ చూసి చంపుతాను అంటాడు. కాబట్టి ఇక్కడ ‘వాయిదా’ అన్నదే సరైన మాట. నాటకం మొత్తానికి ‘జాప్యం’ వాడండి. ‘సంకోచం’ అతను తనలో తాను మాట్లాడుకునే స్వగతాల దగ్గర వాడండి. ‘పిరికితనం’ మాత్రం మీరుగా అనకండి. అతను తనను తాను అలా తిట్టుకుంటాడు కాబట్టి, తిట్టుకున్నాడని చెప్పండి.

మనవాళ్ళకు ఇది అర్థం కావాలంటే అశ్వత్థామను పక్కన నిలబెట్టండి. అతనిదీ తండ్రి కోసం కొడుకు తీర్చుకున్న పగే. పాండవులు ద్రోణుణ్ణి మోసంతో అస్త్రసన్యాసం చేయించాక ధృష్టద్యుమ్నుడు తల నరికాడు. దానికి అశ్వత్థామ అర్ధరాత్రి శిబిరంలో చొరబడి ధృష్టద్యుమ్నుణ్ణి, ఉపపాండవులను నిద్రవేళ మట్టుబెట్టాడు. సౌప్తిక పర్వం కథ అదే. నిద్రపోతున్నవాణ్ణి చంపడానికి వెనుదీయని కొడుకు ఒకడు, ప్రార్థనలో ఉన్నవాణ్ణి చంపని కొడుకు ఒకడు. అశ్వత్థామ పనికి ‘ప్రతీకారం’ చాలదు, ‘ఘాతుకం’ అనాలి. హామ్లెట్ ఆగిపోవడం దయ అనీ అనలేం, ఎందుకంటే అతను కోరుకుంటున్నది శత్రువు నరకానికి పోవాలని. ఈ పోలిక ఎత్తుకుంటే తరగతిలో గంటసేపు మాటలు ఆగవు.

పగకు మన భాషలో వరసగా క్రియలున్నాయి: పగ రగలడం, పగబట్టడం, పగ సాధించడం, పగ తీరడం, పగ చల్లారడం. కథను ఈ క్రియల మీద నడిపిస్తే సాఫీగా సాగుతుంది. హామ్లెట్‌కు పగ రగిలేది మొదటి అంకంలో, తండ్రి ప్రేతం చెప్పినప్పుడు. తోటలో నిద్రపోతుండగా తమ్ముడు చెవిలో విషం పోశాడని, పాము కరిచిందని లోకాన్ని నమ్మించాడని అది చెబుతుంది. దాన్ని దయ్యం అనకుండా ప్రేతం అనమంటాను. చివరి సంస్కారాలు జరగకుండానే పోయానని ఆ రాజు మొరపెట్టుకుంటాడు. కర్మ జరగక తిరిగేదాన్ని మనం ప్రేతం అనే అంటాం. ఆ తర్వాత హామ్లెట్‌కే అనుమానం వస్తుంది, ఇది తండ్రేనా, తండ్రి రూపంలో వచ్చిన పిశాచమా అని. అక్కడ పిశాచం అన్న మాట వాడండి. రెండు మాటల తేడాలోనే అతని సందేహం కనబడుతుంది.

‘వధ’, ‘హత్య’ అన్న మాటల దగ్గర చాలా జాగ్రత్త కావాలి. మన చిత్తూరు పల్లెల్లో ధర్మరాజుల గుళ్ళ దగ్గర ఎండాకాలంలో భారతం జరుగుతుంది కదా. పగలు హరికథ, రాత్రి వీధినాటకం, ఆఖరున దుర్యోధన వధ. నేల మీద మట్టితో పెద్ద దుర్యోధనుడి బొమ్మ చేస్తారు. దాని చుట్టూ భీముడి వేషగాడు, దుర్యోధనుడి వేషగాడు గదలతో తిరుగుతారు, తొడ విరిగాక ద్రౌపది జుట్టు ముడేస్తారు. దాన్ని ఎవరూ దుర్యోధన హత్య అనరు. నిండు సభలో శపథం జరిగింది, లోకమంతా విన్నది, చివరికి శపథం చెల్లింది, కాబట్టి వధ. హామ్లెట్ శపథం రాత్రిపూట, కోట గోడల మీద, ఒకరిద్దరు మిత్రులకు తప్ప తెలియని గుట్టు. వాళ్ళకు కూడా ప్రేతం ఏం చెప్పిందో అప్పటికి తెలియదు. అందువల్ల చివర క్లాడియస్‌ను పొడిచినప్పుడు సభలో ఉన్నవాళ్ళు రాజద్రోహం అని అరుస్తారు. హామ్లెట్ దృష్టిలో అది వధ, సభ దృష్టిలో హత్య. ఎవరి వైపు నుంచి చెబుతున్నారో మీరే ఎంచుకోండి. నేనైతే హామ్లెట్ వైపే ఉంటాను, వధ అంటాను. రాజుగారి మంత్రి పొలోనియస్ చావు మాత్రం ఏ లెక్కన చూసినా వధ కాదు. తెరచాటున పొంచి వింటున్న ముసలాయన్ను రాజనుకుని పొడిచేశాడు. అది గురి తప్పిన హత్య.

అక్కడినుంచే కథ తిరగబడుతుంది. పగ తీర్చుకోవలసినవాడే ఇంకొకడి పగకు గురి అవుతాడు. పొలోనియస్ కొడుకు లేయర్టీస్ తండ్రి కోసం కత్తి పడతాడు. హామ్లెట్‌ను గుడిలో దొరికినా గొంతు కోస్తానంటాడు. ప్రార్థన ఘట్టానికి ఎదురుగా దీన్ని పెట్టి చూపించండి. అతని గురించి చెప్పేటప్పుడు ఆవేశం, దుడుకు, కక్ష అన్న మాటలు సరిపోతాయి. ఇక నార్వే యువరాజు ఫోర్టిన్‌బ్రాస్ ఉన్నాడు, అతని తండ్రిని చంపింది హామ్లెట్ తండ్రే. తండ్రులను పోగొట్టుకున్న ముగ్గురు కొడుకులు, మూడు రకాల పగ. ఇలాంటివాళ్ళను సమాంతర పాత్రలు అంటే చాలు.

హామ్లెట్ పిచ్చిని పిచ్చివేషం అనండి. ‘వేషం’ అన్న మాట తిరుపతివాళ్ళకు విడమరిచి చెప్పక్కరలేదు. గంగమ్మ జాతరలో అమ్మవారు బైరాగి, బండ, తోటి, దొర వేషాలు మార్చుకుంటూ దాక్కున్న పాలెగాణ్ణి వెతుకుతుంది. దొర వేషంలో ఉండగా అతను బయటికొస్తే తల నరుకుతుంది. శత్రువును బయటికి రప్పించడానికి వేసేది వేషం. హామ్లెట్ చేసిందీ అదే. పొలోనియస్ కూతురు ఒఫీలియాది వేషం కాదు, నిజంగా మతి చలించింది. తండ్రిని చంపినవాడు తాను ప్రేమించినవాడే. ఆమె విషయంలో ఉన్మాదం, మతిభ్రమణం అన్న మాటలు వాడండి. ఆమె నీళ్ళలో పడి పోయింది అనాలా, ఆత్మహత్య అనాలా అన్నది నాటకంలోనే గోతులు తవ్వేవాళ్ళు వాదించుకుంటారు, మీరు తేల్చేయకండి.

చుట్టరికాలు తెలుగులోనే చెప్పండి. క్లాడియస్ ‘అంకుల్’ కాదు, చిన్నాయన. పెళ్ళి చేసుకున్నది వదినను, అంటే హామ్లెట్ తల్లి గెర్‌ట్రూడ్‌ను, అదీ అన్న పోయిన రెండు నెలల్లోపే. వదిన తల్లితో సమానం అనుకునే ఇళ్ళలో పెరిగిన పిల్లలు ఈ మాట వినగానే నిటారుగా కూర్చుంటారు. హామ్లెట్ ఆ పెళ్ళిని అంత అసహ్యించుకోవడం అప్పుడు వాళ్ళకు వింతగా ఉండదు. అప్పటి క్రైస్తవ మతనియమాల ప్రకారం కూడా అది వరస కాని పెళ్ళే.

నాటకశాస్త్రం మాటలు కొద్దిగా చాలు. అంకం, రంగం, ఇతివృత్తం, అంతస్సంఘర్షణ, పతాక సన్నివేశం. సొలిలక్వీకి స్వగతం, పక్కవాడికే చెప్పేదానికి జనాంతికం, పైకి అనేదానికి ప్రకాశం. మన పాత పద్యనాటకాల పుస్తకాల్లో ఈ మాటలు అచ్చయి ఉంటాయి. రాజు ముందు ఆడించే హత్యానాటకాన్ని అంతర్నాటకం అనండి. అది హామ్లెట్ పన్నిన ఉచ్చు. ఇంగ్లండుకు పంపి చంపించాలనుకోవడం క్లాడియస్ ఎత్తు, తనను చంపమని వెంట పంపిన ఉత్తరం మార్చేయడం హామ్లెట్ పైఎత్తు. చరిత్ర అడిగితే, ఈ తరహా ప్రతీకార నాటకాలు రోమన్ రచయిత సెనెకా ప్రభావంతో వచ్చాయని, హామ్లెట్ మొదట అచ్చయింది 1603లో అని చెప్పండి. తెలుగులో విషాదాంతానికి దారి వేసినవాడు బళ్ళారి ధర్మవరం రామకృష్ణమాచార్యులు, నాటకం ‘విషాద సారంగధర’. అందులోనూ సవతి తల్లి, నింద, తండ్రీకొడుకులు ఉన్నారు కానీ పగ తీర్చుకునే కొడుకు లేడు.

సమయం తక్కువైతే ఒకటి, మూడు, ఐదు అంకాలు తీసుకుని మిగతావి రెండు ముక్కల్లో దాటేయండి. ఐదో అంకంలో మాత్రం ఎవరి చావు ఎలా జరిగిందో విడివిడిగా చెప్పాలి, పిల్లలు ఎప్పుడూ కలిపేస్తారు. క్లాడియస్ హామ్లెట్‌కని పెట్టిన విషం గెర్‌ట్రూడ్ తాగి పోయింది. లేయర్టీస్ తాను విషం పూసిన కత్తికే బలయ్యాడు, చనిపోయే ముందు కుట్ర బయటపెట్టి క్షమాపణ అడిగాడు. క్లాడియస్‌కు ఆ కత్తీ ఆ విషమూ రెండూ హామ్లెట్ చేతుల మీదుగా అందాయి. హామ్లెట్ అప్పటికే లేయర్టీస్ చేతిలో ఆ కత్తి గాయం తగిలి ఉన్నాడు. తానూ విషం తాగబోయిన మిత్రుడు హొరేషియోను ఆపి, బతికి ఉండి జరిగింది లోకానికి చెప్పమని అడిగి కన్నుమూశాడు.