టెక్ సందేహాలు: విదేశాల్లో అద్దె కారు ఏ సైట్‌లో బుక్ చేయాలి?

ఈ వారం ఫోన్లు, ల్యాప్‌టాప్‌ల ప్రశ్నలు పక్కన పెడుతున్నా. సెలవులు దగ్గర పడేకొద్దీ అద్దె కార్ల సైట్ల గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. వాటిల్లో మూడింటికి జవాబులు ఇవి.

కావలి నుంచి ఒక రిటైర్డ్ మాష్టారు: "మా అబ్బాయి డల్లాస్‌లో ఉంటాడు. ఎండాకాలంలో మేమిద్దరం, కూతురు, అల్లుడు వెళ్తున్నాం. అందరం కలిసి కాలిఫోర్నియా చూడాలని. శాన్‌ఫ్రాన్సిస్కోలో కారు తీసుకుని లాస్ ఏంజిలిస్ దాకా అల్లుడే తోలతానంటున్నాడు, లైసెన్స్ నెల్లూరులో తీసుకున్నది. ఒక సైట్‌లో రేటు చానా తక్కువ ఉంది, అదే కారు ఇంకోదాంట్లో దాదాపు డబుల్. ఏ సైట్ నమ్మొచ్చు?"

మాష్టారూ, సైట్ ఏదన్నది రెండో ప్రశ్న. ముందు తేలాల్సింది ఏందంటే కారు ఎవరి పేరు మీద తీసుకుంటారు, ఏ దేశంలో ఉండే మనిషిగా తీసుకుంటారు అని. ఆ డబుల్ తేడా చాలావరకు అక్కడి నుంచే వస్తుంది.

సైట్లో "మీరు ఉండే దేశం" అని ఒక చిన్న బాక్స్ ఉంటుంది, ఎవరూ దాన్ని పట్టించుకోరు. బయటి దేశాల నుంచి వచ్చేవాళ్ళకి అమెరికాలో ఇచ్చే రేట్లలో చాలాసార్లు కారుకి దెబ్బ తగిలితే కాసే కవర్, ఎదుటివాళ్ళకి నష్టం జరిగితే కాసే లయబిలిటీ కవర్, రెండూ కలిసే వస్తాయి, అందుకే ఎక్కువ కనపడుతుంది. అదే మీ అబ్బాయి డల్లాస్‌లో కూర్చుని సైట్ ఓపెన్ చేస్తే దేశం అమెరికా అని దానంతటదే పడిపోయి ఉంటుంది, రేటు తగ్గుతుంది, కానీ ఆ కవర్లు రెండూ ఉండవు. అల్లుడు కౌంటర్ దగ్గరికి పోయి ఇండియా లైసెన్స్ ఇచ్చాక అవి విడిగా తీసుకోమంటారు, రోజుకింత చొప్పున, అప్పుడు చవక రేటు కాస్తా ఖరీదు రేటుని దాటిపోతుంది.

లయబిలిటీ వద్దులే అని మాత్రం ఎవరు చెప్పినా వినొద్దు. కాలిఫోర్నియా చట్టం అడిగే కనీస కవర్ ఒక మనిషికి గాయమైతే 30,000 డాలర్లు, అదీ 2025 జనవరి నుంచి, అంతకు ముందు 15,000 మాత్రమే. అక్కడి ఆసుపత్రి బిల్లుల ముందు ఆ 30,000 ఏ మూలకి? మిగతాది కారు తోలినవాళ్ళ మెడకే చుట్టుకుంటుంది.

నన్నడిగితే మీ ఇంటికి సరిపోయే దారి ఇంకొకటుంది. అబ్బాయి కూడా వస్తున్నాడు కాబట్టి కారు అబ్బాయి పేరు మీద తీసుకోండి. అతనికి అక్కడి లైసెన్స్, అక్కడి క్రెడిట్ కార్డు, సొంత కారు ఉంటే దాని ఇన్సూరెన్స్ ఉంటాయి, ఆ ఇన్సూరెన్స్ చాలావాటికి అద్దె కారుకి కూడా వర్తిస్తుంది, కొన్ని క్రెడిట్ కార్డులు కూడా కారు డ్యామేజీని కవర్ చేస్తాయి. బయల్దేరేముందు ఆ రెండు చోట్లకీ ఫోన్ చేసి, అద్దె కారుకి వర్తిస్తుందా, అల్లుడు తోలినప్పుడు కూడా వర్తిస్తుందా అని అబ్బాయి అడిగి తెలుసుకోవాలి. అల్లుడి పేరు రెండో డ్రైవర్‌గా కౌంటర్‌లోనే రాయించండి, కాలిఫోర్నియా చట్టం ప్రకారం దానికి విడిగా ఫీజు తీసుకోకూడదు. రాయించకుండా "కాసేపే కదా" అని స్టీరింగ్ ఇచ్చారంటే, ఆ కాసేపట్లో ఏదైనా జరిగితే కవర్లన్నీ పోయినట్టే.

లేదు, అల్లుడే మెయిన్ డ్రైవర్ అంటారా, అయితే క్రెడిట్ కార్డు అల్లుడి పేరు మీదే ఉండాలి. మామగారి కార్డు, భార్య కార్డు, ఫారెక్స్ ప్రీపెయిడ్ కార్డు చాలా కౌంటర్లలో తీసుకోరు, డెబిట్ కార్డు తీసుకున్నా సవాలక్ష షరతులు. వీసా గానీ మాస్టర్‌కార్డ్ గానీ అయితే గొడవ తక్కువ. డిపాజిట్ కింద కొంత బ్లాక్ చేస్తారు, అంత లిమిట్ ఖాళీగా ఉంచుకోవాలి. 2020లో రిజర్వు బ్యాంకు పెట్టిన రూల్ వల్ల మన కార్డులకి విదేశీ వాడకం మనంతట మనమే ఆన్ చేస్తే తప్ప ఉండదు, బ్యాంకు యాప్‌లో ఇక్కడే ఆన్ చేసుకుని విమానం ఎక్కాలి.

ఇంకోటి, ఇది మన తెలుగువాళ్ళకే ఎక్కువగా వచ్చే ఇబ్బంది. పాస్‌పోర్ట్‌లో ఇంటిపేరు పూర్తిగా ఉంటుంది, లైసెన్స్ మీద ఒక్క అక్షరమే ఉంటుంది, బ్యాంకు కార్డు మీద ఆ అక్షరం పేరుకి చివర ఉంటుంది. మనకి ముగ్గురూ ఒకడేనని తెలుసు, కౌంటర్‌లో ఉండే అమ్మాయికి తెలియదు కదా. అందుకని బుకింగ్ పేరు పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టు కొట్టి, తేడా బాగా ఉంటే లైసెన్స్‌లో పేరు ముందే సరిచేయించుకోవాలి. నెల్లూరు ఆర్టీఓ ఆఫీసులోనే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ కూడా తీసుకోండి, ఏడాది పాటు చెల్లుతుంది. అది ఒక్కటే చాలదు, అసలు లైసెన్స్ కార్డు చేతిలో ఉండాలి, డిజిలాకర్‌లో చూపిస్తానంటే అక్కడ కుదరదు.

ఇప్పుడు సైట్ల సంగతి. కయాక్, స్కైస్కానర్ లాంటివి రేట్లు వెతికి చూపించి ఇంకోచోటికి పంపిస్తాయి. రెంటల్‌కార్స్, డిస్కవర్‌కార్స్ లాంటివి మధ్యవర్తులు, బుకింగ్ వాళ్ళదే గానీ కార్లు వాళ్ళవి కావు. కార్లుండేది హెర్ట్జ్, ఏవిస్, ఎంటర్‌ప్రైజ్, సిక్స్ట్ లాంటి కంపెనీల దగ్గర. డాలర్, థ్రిఫ్టీ అనేవి హెర్ట్జ్‌వే, బడ్జెట్ ఏవిస్‌తో కలిసే ఉంటుంది, అలామో, నేషనల్ ఎంటర్‌ప్రైజ్ వాళ్ళవి. నేను చెప్పేది ఏందంటే వెతకడం మధ్యవర్తి దగ్గర వెతకండి, కంపెనీ పేరు తెలిశాక అవే తేదీలు, అదే టైమ్ పెట్టి ఆ కంపెనీ సొంత సైట్ కూడా చూడండి. తేడా కొంచెమే అయితే కంపెనీ దగ్గరే బుక్ చేయండి, విమానం లేటయి టైమ్ మార్చాలన్నా క్యాన్సిల్ చేయాలన్నా ఒక్క చోట మాట్లాడితే సరిపోతుంది. మధ్యవర్తి అయితే వీళ్ళు వాళ్ళని అడగమంటారు, వాళ్ళు వీళ్ళని అడగమంటారు. ఎక్కడ చేసినా ఫ్రీ క్యాన్సిలేషన్ ఉన్నదే తీసుకుని, ప్రయాణం దగ్గర పడ్డాక ఇంకోసారి రేటు చూడండి, తగ్గితే పాతది తీసేసి కొత్తది చేసుకోవచ్చు.

డబ్బు కట్టే ముందు "రెంటల్ కండిషన్స్" అనే లింక్ నొక్కి చదవాల్సిందే. అక్కడ ఎక్సెస్ అనో డిడక్టిబుల్ అనో ఒక అంకె ఉంటుంది, కవర్ ఉన్నా కూడా మన జేబులోంచి పోయేది అంతవరకు. పెట్రోల్ విషయంలో ఫుల్ టు ఫుల్ ఉన్నది తీసుకోండి, నింపి ఇస్తారు, నింపి ఇస్తాం, పేచీ లేదు. ఒక ఊళ్ళో తీసుకుని ఇంకో ఊళ్ళో ఇస్తున్నారు కాబట్టి వన్‌వే ఫీజు మొత్తంలో కలిసిందో లేదో చూసుకోండి. అద్దె రోజు అంటే తీసుకున్న టైమ్ నుంచి 24 గంటలు, ఉదయం పదికి తీసుకున్న కారు చివరిరోజు మధ్యాహ్నం ఇస్తే ఇంకో రోజు పడే వీలుంది. గోల్డెన్ గేట్ బ్రిడ్జి మీద 2013 నుంచి నగదు తీసుకోవడం లేదు, కెమెరా నంబర్ ప్లేట్ ఫోటో తీస్తుంది, టోల్‌తో పాటు అద్దె కంపెనీ తన ఫీజు కూడా వేస్తుంది. ఆ ఫీజు ఎంతో, ఎన్ని రోజులకి వేస్తారో కౌంటర్‌లోనే అడగండి.

చీమకుర్తి నుంచి గ్రానైట్ వ్యాపారం చేసే ఒకాయన: "సెప్టెంబర్‌లో వెరోనాలో మార్మొమాక్ ఎగ్జిబిషన్‌కి పోతున్నాం. మిలాన్‌లో దిగి కారు తీసుకుంటే ఎట్టా ఉంటుంది అన్నా?"

తీసుకోవచ్చన్నా, కానీ ఇటలీలో కారుకి గీతలు పడటం కంటే కెమెరాలతోనే ఖర్చెక్కువ. పాత ఊళ్ళ నడిమధ్యలో జెడ్‌టీఎల్ అని బయటి బండ్లు పోకూడని వీధులుంటాయి, వెరోనాలో కూడా ఉన్నాయి. ఎర్ర గుండ్రటి బోర్డు ఒకటి ఉంటుంది, గేటు ఉండదు, ఎవరూ ఆపరు, కెమెరా మాత్రం నంబర్ పట్టేస్తుంది. ఎన్నిసార్లు లోపలికి పోతే అన్ని జరిమానాలు. ముందు అద్దె కంపెనీ మీ వివరాలు ఇచ్చినందుకు కార్డులోంచి ఫీజు లాగుతుంది, అది జరిమానా కాదు, జరిమానా కాగితం నెలల తర్వాత చీమకుర్తికే వస్తుంది. హోటల్ ఆ వీధుల్లోపల ఉంటే, మీ కారు నంబర్ మునిసిపాలిటీకి పంపిస్తారేమో ముందే మెయిల్ పెట్టి అడగండి. లేదంటే బయట పార్క్ చేసి నడవడమే మేలు.

హైవే టోల్ దగ్గర పసుపు రంగు టెలిపాస్ లైన్లోకి పోవద్దు, అది మన ఫాస్టాగ్ లాంటి పరికరం ఉన్న బండ్లకే. ఇటలీలో మన లైసెన్స్‌తో పాటు ఇంటర్నేషనల్ పర్మిట్ తప్పనిసరి. ఆటోమేటిక్ కావాలంటే బుకింగ్‌లోనే ఎంచుకోండి, అక్కడ మామూలుగా ఇచ్చేది గేర్ల బండి, పైగా గేర్ రాడ్ కుడిచేతి వైపు ఉంటుంది, రోడ్డుకి కుడిపక్కన తోలాలి. మధ్యవర్తి సైట్‌లో కొనే "ఫుల్ ప్రొటెక్షన్" గురించి కూడా చెప్పాలి. అది ఉన్నా కౌంటర్‌లో డిపాజిట్ బ్లాక్ చేస్తారు, దెబ్బ తగిలితే ముందు మీ కార్డులోంచే తీసుకుంటారు, తర్వాత కాగితాలన్నీ పంపితే మధ్యవర్తి తిరిగిస్తాడు. చవకే, పనికొస్తుంది, లిమిట్ ఎక్కువున్న కార్డు, కాస్త ఓపిక ఉంటే తీసుకోండి.

నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒకబ్బాయి: "స్కాట్లాండ్‌లో కారు తీసుకుని తిరిగిచ్చేశా, అప్పుడేం అనలేదు. ఇంటికొచ్చిన కొన్ని వారాలకి వీల్ మీద గీత అని పౌండ్లలో డబ్బు లాగేశారు. ఏం చేయాలి?"

తమ్ముడూ, ఫోన్‌లో కాదు, మెయిల్‌లో అడుగు. తీసుకున్నప్పటి కండిషన్ షీట్ (కారు మీద అప్పటికే ఉన్న గీతలు, సొట్టలు రాసే కాగితం), ఇచ్చినప్పటి షీట్, గీత ఫోటోలు తేదీ టైమ్‌తో సహా, రిపేర్ బిల్లు, ఈ నాలుగూ పంపమను. నీ దగ్గర ఫోటోలుంటే గూగుల్ ఫోటోస్‌లో ఆ తేదీకి పోయి తీసుకో, వాట్సాప్‌లో పంపుకున్నవి పెట్టొద్దు, వాటిల్లోంచి టైమ్ వివరాలు పోతాయి. కంపెనీ సరిగ్గా జవాబివ్వకపోతే బ్రిటన్‌లో బీవీఆర్ఎల్ఏ అనే అద్దె బండ్ల సంఘం ఉంది, ఆ కంపెనీ అందులో మెంబర్ అయితే మధ్యవర్తిత్వం ఉచితంగా చేస్తారు. ఇంకోపక్క కార్డు ఇచ్చిన బ్యాంకులో డిస్ప్యూట్ వేయి, అంటే ఈ డబ్బు లాగడం ఒప్పుకోనని ఫిర్యాదు పెట్టు, దానికి గడువుంటుంది కాబట్టి కంపెనీ జవాబు కోసం నెలలు నెలలు ఆగొద్దు.

ఈసారి కారు తీసుకునేటప్పుడు చుట్టూ తిరిగి ఒక్క వీడియో తీసుకో, నాలుగు చక్రాలు దగ్గరగా, అద్దం, టైర్లు, లోపల మీటర్, పెట్రోల్ ముల్లు. చక్రాలు, అద్దాలు, కారు అడుగు భాగం మామూలు కవర్‌లో చాలాసార్లు ఉండవు, గొడవలన్నీ వాటి మీదే వస్తాయి. షీట్‌లో లేని గీత కనపడితే అప్పుడే రాయించి సంతకం పెట్టించు. తిరిగి ఇచ్చేటప్పుడు కూడా ఇదే వీడియో మళ్ళీ తీయి, ఆఫీసు మూసేశాక తాళాలు డబ్బాలో వేసి వచ్చే పద్ధతి మాత్రం వీలైతే వద్దు, తెల్లారి వాళ్ళు చూసేదాకా బండికి ఏం జరిగినా లెక్క నీదే అవుతుంది.