ఒక్కో కన్ను విడిగా చూడాలి

గుంటూరు

చి. సౌ. శ్రావణికి పెద్దమ్మ ఆశీస్సులు.

పాపాయి ఎడమ కన్ను అప్పుడప్పుడు ముక్కు వైపుకి పోతోందని రాశావు. “మెల్ల అదృష్టంలే, పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది” అన్నారట మీ అత్తగారు. ఆవిడతో వాదన పెట్టుకోకు. అలాగని ఆ మాట నమ్ముకుని ఊరుకోకు. మొదటి మూడు నెలల్లో పసిపిల్లల కళ్ళు అటూ ఇటూ పోవడం మామూలే. నాలుగు నెలలు దాటాక కూడా పోతుంటే డాక్టరుకు చూపించాల్సిందే. మన పిల్లకు ఆరో నెల వచ్చింది.

కంటి పరీక్షల గదిలో ఇన్నేళ్ళు పనిచేశాను కదా, అక్కడ చూసిందే చెబుతున్నాను. ఒక కన్ను ఆనని పిల్ల రెండో కంటితోనే నవ్వేస్తుంది, పాకేస్తుంది, బొమ్మ అందుకుంటుంది. ఇంట్లో ఎవరికీ అనుమానం రాదు. అందుకే ఏ కంటికి ఆ కన్ను చూడాలి, అదీ చప్పుడు లేకుండా. గిలక్కాయ ఆడిస్తే తల తిప్పిందని మురిసిపోతాం కానీ, అక్కడ పనిచేసింది చెవి. ముఖం ముందు చెయ్యి ఆడించినా గాలి తగిలి రెప్ప వేస్తుంది. నువ్వు గాజులు తీసేసి, పాప పాలు తాగి హుషారుగా ఉన్నప్పుడు మీ అమ్మ ఒళ్ళో కూర్చోబెట్టు. ఎర్రటి బంతి ఒకటి అడుగు దూరంలో పెట్టి మెల్లగా పక్కకు జరుపు. మూడు నెలలు నిండిన పిల్ల దాని వెంట చూడాలి.

తర్వాత ఒక కంటికి నీ అరచెయ్యి అడ్డం పెట్టు, కంటికి తగలనీయకు. ఎడమ కన్ను మూసినప్పుడు ఊరుకుని, కుడి కన్ను మూసినప్పుడు మాత్రం చెయ్యి తోసేసి ఏడిస్తే, ఎడమ కంటికి సరిగ్గా కనపడటం లేదేమో అనుకోవాలి. ఒక్కసారికే టెన్షన్ పడకు, వేరే పూట మళ్ళీ చూడు. చిన్న టార్చి మూరెడు దూరం నుంచి చూపిస్తే రెండు కంటిపాపల్లోనూ తెల్లచుక్క మధ్యలో మెరవాలి. ఒక కంటిలో చుక్క చెవి వైపుకి జరిగి ఉంటే ఆ కన్ను లోపలికి తిరిగినట్టు. ముక్కు దూలం వెడల్పుగా ఉన్న పిల్లలకు మెల్ల లేకపోయినా ఉన్నట్టే కనిపిస్తుంది, వాళ్ళలో చుక్కలు మధ్యలోనే ఉంటాయి. ఇక్కడ ఏది తేలినా డాక్టరు దగ్గరికి వెళ్ళడం మానకు.

పటమట నుంచి మీకు తాడిగడప ఎల్.వి.ప్రసాద్ ఆసుపత్రి దగ్గరే, బందరు రోడ్డు పట్టుకుంటే చాలు. ఇటు వస్తే పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రి ఉంది. పిల్ల అక్షరాలు చదవదు కదా, ఏం పరీక్ష చేస్తారని మీ ఆయన అడుగుతాడు. గీతలున్న కార్డు, ఉత్త కార్డు పక్కపక్కన చూపిస్తే, గీతలు కనపడే పిల్ల వాటి వైపే చూస్తుంది. అద్దాల పవరు కూడా కంట్లోకి లైటు వేసి పట్టేస్తారు, పిల్ల నోరు తెరవక్కర్లేదు.

ఒకవేళ బద్ధక కన్ను అని తేలితే బాగున్న కంటిని మూస్తూ ప్యాచ్ వేస్తారు. మెదడు అలవాటు తప్పిన కన్నును మళ్ళీ వాడాలంటే అదే దారి. చాలా ఇళ్ళలో “మంచి కన్ను మూయడమేమిటి” అని నాలుగు రోజులకే పీకేస్తారు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. ఏడెనిమిదేళ్ళ లోపు బాగా పనిచేస్తుంది, ఎంత ముందు మొదలుపెడితే అంత మేలు.

కొన్నిటికి వారం కూడా ఆగకూడదు. ఫ్లాష్ ఫొటోలో ఒక కంటిపాప తెల్లగా మెరుస్తుంటే శుక్లం కావచ్చు, కంటిలో కణితి కూడా కావచ్చు. నల్లగుడ్లు మరీ పెద్దవిగా ఉండి, నీళ్ళు కారుతూ, వెలుతురుకి ముఖం తిప్పేసుకుంటుంటే చారడేసి కళ్ళని ముద్దు చెయ్యకండి, నీటికాసులు (గ్లాకోమా) కావచ్చు. మీ ఆడపడుచు బాబు 32 వారాలకే పుట్టాడన్నావు. 34 వారాల లోపు పుట్టినా, బరువు 2 కిలోల లోపు ఉన్నా, 30 రోజులు నిండేలోగా రెటీనా (కంటి లోపలి పొర) పరీక్ష అయిపోవాలి. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకోవద్దని ఇవాళే ఫోన్ చేసి చెప్పు.

కాటుక కంట్లో పెట్టకు, అరికాలికి దిష్టిచుక్క చాలు. చనుబాలు కూడా కంట్లో పిండనివ్వకు.

పెద్దాడినీ అదే రోజు తీసుకెళ్ళు. టీవీకి దగ్గరగా కూర్చోవడం కంటే, ఎండలోకి వెళ్ళగానే ఒక కన్ను మూసుకుంటాడన్నావే, అదే నాకు నచ్చలేదు. నాలుగేళ్ళవాడు కాబట్టి ఆపిల్, ఇల్లు బొమ్మలు గుర్తుపట్టమంటారు. చేత్తో మూసుకోమంటే వేళ్ళ సందుల్లోంచి చూసేస్తారు దొంగలు, చేతిరుమాలు కట్టి ఇంట్లోనే ఆటలా అలవాటు చెయ్యి. పరీక్ష కోసం కంట్లో చుక్కల మందు వేశాక కంటిపాప పెద్దదై వెలుతురు పడదు, దగ్గరవి మసకగా ఉంటాయి. అట్రోపిన్ అనే మందు అయితే వారం పైన కూడా అలాగే ఉంటుంది. టోపీ పట్టుకెళ్ళు, స్కూల్లో మిస్‌కి ముందే చెప్పు.

ఇట్లు
పెద్దమ్మ