షోరూం ఫైనాన్స్‌తో పెద్ద డిస్కౌంట్, బ్యాంకు రుణంతో చిన్న డిస్కౌంట్: కొత్త పికప్‌కు ఏది లాభం?

మీరు ఏలూరు పరిసరాల్లో కిరాయికి తిప్పడానికి కొత్త బొలెరో పికప్ కొనాలనుకుంటున్నారనీ, తమ ద్వారా ఫైనాన్స్ తీసుకుంటేనే 30 వేలు తగ్గిస్తామని షోరూం వారు అంటున్నారనీ, బ్యాంకు చెప్పిన వడ్డీ షోరూం ఫైనాన్స్ వడ్డీ కన్నా చాలా ఎక్కువగా కనిపిస్తోందనీ రాశారు. విజయవాడలో మా హార్డ్‌వేర్ దుకాణానికి 2019లో ఒకటి, 2025 డిసెంబరులో ఒకటి, మొత్తం రెండు పికప్‌లు కొన్నాను. మొదటిదాన్ని తెలియక కొన్నాను, రెండోదాన్ని లెక్క వేసుకుని కొన్నాను. మీకు ఎదురైన బేరమే నాకు రెండోసారి దాదాపు అంకెలతో సహా ఎదురైంది కాబట్టి ఆ లెక్కే ఇక్కడ రాస్తున్నాను.

నాకు కావలసిన అప్పు 8 లక్షలు, గడువు 48 నెలలు. షోరూంలో కూర్చున్న ఫైనాన్స్ ప్రతినిధి వడ్డీ 6.5 శాతమేనని, అంటే నూటికి నెలకు యాభై నాలుగు పైసలేనని చెప్పారు. బ్యాంకు వారు 10.5 శాతం అన్నారు. మొదటిది ఫ్లాట్ రేటు, రెండోది తరిగే బాకీపై లెక్కించే రేటు. ఫ్లాట్ పద్ధతిలో మీరు సగం అప్పు తీర్చేసిన తరువాత కూడా మొత్తం 8 లక్షల మీదే వడ్డీ వేస్తారు. ఆ ప్రకారం నాలుగేళ్ల వడ్డీ 2,08,000, నెల వాయిదా సరిగ్గా 21,000 రూపాయలు. బ్యాంకు 10.5 శాతానికి వాయిదా 20,483 వచ్చింది. ఎక్కువ వడ్డీ అనుకున్న చోట నెలకు 517 రూపాయలు తక్కువ. ఆ 6.5 శాతాన్ని తరిగే బాకీ పద్ధతిలోకి మారిస్తే 11.8 శాతం దాకా తేలుతుంది, అంటే యాభై నాలుగు పైసలని చెప్పినది మన ఊళ్లలో అనే రూపాయి వడ్డీకి ఇంచుమించు సమానమే. అందువల్ల ఎవరి దగ్గరైనా శాతం అడగకుండా, ఎంత అప్పుకు, ఎన్ని నెలలకు, ఎంత వాయిదా అని మాత్రమే అడగండి.

ఇక డిస్కౌంట్ సంగతి. వారి ఫైనాన్స్ తీసుకుంటే 30 వేలు, బ్యాంకు రుణంతో వస్తే 12 వేలు తగ్గిస్తామన్నారు. ఫైనాన్స్ కంపెనీ నుంచి షోరూంకు ప్రతి రుణం మీదా కమిషన్ ముడుతుంది, ఆ కమిషన్‌లో కొంత మనకు డిస్కౌంట్ పేరుతో తిరిగి వస్తుంది. తేడా 18 వేలు. వాయిదాల్లో నాకు మిగిలేది నాలుగేళ్లలో 24,816 రూపాయలు. చూడగానే బ్యాంకే నయమనిపిస్తుంది గానీ, 18 వేలు ఈరోజు చేతిలో మిగిలే డబ్బు, 24,816 విడతలుగా మిగిలే డబ్బు, కాబట్టి ఈ రెండూ దాదాపు సరిసమానమేనని ఒప్పుకోవాలి. తక్కెడ బ్యాంకు వైపు మొగ్గడానికి కారణం వడ్డీ కాదు, ఫీజులు. షోరూం ఫైనాన్స్ కాగితాల్లో ప్రాసెసింగ్ ఫీజు, డాక్యుమెంటేషన్ ఫీజు, నేను అడగని రుణ బీమా, ఒక ముందస్తు వాయిదా ఉన్నాయి.

ఈ ఫీజులు నాకు కొత్త కాదు. 2019లో 6,50,000 రుణం మంజూరైందని సంతోషించాను గానీ, షోరూం ఖాతాలో పడినది 6,21,000 మాత్రమే. మిగతా 29 వేలు డెలివరీ రోజున, పూలదండ వేసిన బండి ఎదురుగా ఉండగా, నా జేబులోంచి కట్టాల్సి వచ్చింది. కొబ్బరికాయ చేతిలో పట్టుకుని బేరం ఆడటం ఎవరి వల్లా కాదు.

ఇప్పుడు మీకు ఆ ఇబ్బంది కొంత తక్కువ. 2024 అక్టోబరు 1 నుంచి మంజూరయ్యే రిటైల్ రుణాలకూ, చిన్న పరిశ్రమల టర్మ్ రుణాలకూ కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఫైనాన్స్ కంపెనీలకు కూడా ఇది వర్తిస్తుంది. ఫీజులన్నీ కలిపిన అసలు వార్షిక రేటు అందులో ఉండాలి, అది రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఉండాలి, అందులో లేని ఛార్జీని మీ అంగీకారం లేకుండా వసూలు చేయకూడదు. సంతకాలకు ముందే ఆ పత్రం అడిగి ఇంటికి తెచ్చుకోండి. నేను అడిగినప్పుడు ప్రతినిధి ముఖంలో మారిన రంగు చూస్తే, అడిగేవారు ఇంకా తక్కువేనని అర్థమైంది. గడువుకు ముందే బాకీ తీర్చేస్తే ఎంత ఛార్జీ పడుతుందో కూడా అందులోనే చూసుకోండి, ఎందుకంటే మంచి సీజన్ తగిలితే కిరాయి బండివారు రెండేళ్లకే బాకీ తీర్చేయాలనుకోవడం మామూలే.

కొనే సమయం విషయంలో, మన వైపు కొత్త బండికి ముహూర్తం చూసే అలవాటే మీకు అక్కరకొస్తుంది. ఆషాఢంలోనూ, డిసెంబరు మధ్య నుంచి సంక్రాంతి దాకా సాగే ధనుర్మాసంలోనూ షోరూంలు పలచబడతాయి. రెండోదానికి తోడు ఏడాది చివరి స్టాకు వదిలించుకోవాలన్న ఆత్రం కూడా వారికి ఉంటుంది. నేను డిసెంబరు 20 తరువాత వెళ్లాను. 12 వేల దగ్గర మొదలైన బ్యాంకు రుణపు డిస్కౌంట్ 20 వేలకు వచ్చింది, టార్పాలిన్ కూడా ఇచ్చారు. ఆర్‌సీలో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి కాబట్టి తిరిగి అమ్మేటప్పుడు ఒక ఏడాది పాతదిగా లెక్కవేస్తారన్నది నిజమే. ఎనిమిది పదేళ్లు తిప్పే బండికి ఆ నష్టం పెద్దది కాదని నా అభిప్రాయం, మూడేళ్లకు మార్చేవారు మాత్రం ఆలోచించాలి. దసరా ముందు వెళితే ఆయుధ పూజకు బండి దొరకడమే గొప్ప, డిస్కౌంట్ మాట ఎత్తనివ్వరు.

2025 సెప్టెంబరు 22 నుంచి సరుకు రవాణా వాహనాల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. 128 రూపాయలు పడిన చోట 118 పడుతుందన్నమాట. ఆ తగ్గింపును తమ ఆఫర్‌గా కొటేషన్‌లో చూపితే ఒప్పుకోకండి. మాలాగా జీఎస్టీ కట్టే దుకాణం ఉన్నవారు బండిపై కట్టిన పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా, అంటే తాము కట్టాల్సిన జీఎస్టీలోంచి తగ్గించుకోవడానికి, వాడుకోవచ్చు గనుక, ఇన్‌వాయిస్ మీద జీఎస్టీ నంబరు ముందే వేయించుకోవాలి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేకుండా కిరాయికి తిప్పుకునేవారికి ఈ వెసులుబాటు ఉండదు.

బీమాను షోరూంలోనే తీసుకోవాలన్న నియమం లేదు. ఎదుటివారికి జరిగే నష్టానికి కట్టే థర్డ్ పార్టీ ప్రీమియం ప్రభుత్వం నిర్ణయించేది కాబట్టి ఎక్కడైనా ఒకటే, మన బండికి జరిగే సొంత నష్టం భాగంలోనే బేరం ఉంటుంది. బండి విలువను ఒకే అంకె మీద ఉంచి బయట రెండు కొటేషన్లు తెప్పించుకుంటే నాకు 6,200 రూపాయలు తగ్గింది.

చివరి వాయిదా కట్టిన వారంలోనే, బాకీ లేదని రుణమిచ్చినవారు ఇచ్చే ఎన్‌ఓసీ, రుణ ఒప్పందం ముగిసిందని తెలిపే ఫారం 35 తీసుకుని ఆర్‌సీలో ఫైనాన్స్ పేరు తీయించుకోండి. నా మొదటి బండికి ఆ కాగితాలు రెండేళ్లు బీరువాలోనే ఉన్నాయి. అమ్మబోయిన రోజున చూస్తే ఎన్‌ఓసీ గడువు దాటిపోయింది, కొత్తది తెచ్చేలోగా కొనడానికి వచ్చినవారు వేరే బండి చూసుకున్నారు.