పేపర్ క్లే మొదలుపెట్టిన మా చిట్టికి

చిట్టీ,

నువ్వు పేపర్ క్లేతో బొమ్మలు చేయడం నేర్చుకుంటున్నావనీ, బాల్కనీలో పెట్టుకోవడానికి బొమ్మలు కాల్చే చిన్న ఎలక్ట్రిక్ కొలిమి, అదే కిల్న్, కూడా చూస్తున్నావనీ నిన్న మీ అమ్మ ఫోన్లో చెప్పింది. "మట్టిలో కాగితం కలపడమేంటక్కా, విడ్డూరం కాకపోతే" అని ఒకటే నవ్వు. మన ఇంట్లో ఇంకొకళ్లు మట్టి పట్టుకుంటున్నారని నేనైతే ఎంత పొంగిపోయానో. రాత్రి పడుకున్నాక మాత్రం ఒకటొకటే గుర్తొచ్చి నిద్ర పట్టలేదు.

విడ్డూరమేమీ లేదని మీ అమ్మకి చెప్పు. పొయ్యి వేసేటప్పుడు మీ అమ్మమ్మ మట్టిలో ఊకా, తరిగిన వరిగడ్డీ కలిపి కాళ్లతో తొక్కేది, మీ అమ్మే మర్చిపోయింది. రాజస్థాన్‌లోని మొలేలా ఊళ్లో దేవుళ్ల బొమ్మల పలకలు చేసేవాళ్లు మట్టిలో గాడిద పేడ కలుపుతారు. పీచు పట్టి ఉంచితే మట్టి ఎండేటప్పుడు అంత తేలిగ్గా బీటలివ్వదు. కాగితమూ పీచే కదా.

కలపడం పెద్ద విద్య కాదు. టాయిలెట్ పేపర్ వేడినీళ్లలో నానబెట్టి, గుజ్జు చేసి (వంటింటి మిక్సీ జోలికి వెళ్లకు), గట్టిగా పిండి, చిక్కటి మజ్జిగలా కలిపిన మట్టిలో వెయ్యి. నాలుగు గిన్నెల మట్టికి ఒక గిన్నె గుజ్జు చాలు. నిగనిగలాడే మ్యాగజైన్ కాగితాలొద్దు, వాటిలో పూత ఎక్కువ, పీచు తక్కువ. తడిగా వదిలేస్తే కొన్నాళ్లకే కుళ్లి కంపు కొడుతుంది. మిగిలింది ప్లాస్టర్ పలక మీద పల్చగా పరిచి ఎండబెట్టుకో. మళ్లీ నీళ్లు పోస్తే మెత్తబడుతుంది.

ఈ మట్టితో నీకు నచ్చేదేమిటో నాకు తెలుసు. మామూలు మట్టిలో ఎండిన ముక్కకి పచ్చి ముక్క అతికిస్తే తెల్లారేసరికి ఊడి కింద ఉంటుంది. ఇందులో ఎండినదాన్ని కాస్త తడిపి, అదే మట్టిని పలచగా చేసి పూసి అతికిస్తే నిలబడుతుంది. పువ్వు రేకులు విడివిడిగా ఎండబెట్టుకుని తీరిగ్గా కూర్చుకోవచ్చు. విరిగితే మళ్లీ అతికించుకోవచ్చు. రెండు మిల్లీమీటర్ల రేకుని ఎండాక చివర పట్టుకుని ఎత్తినా విరగదు.

నా భయమంతా ఆ గట్టిదనం గురించే. మామూలు మట్టితో చేసి ఎండబెట్టిన, ఇంకా కాల్చని బొమ్మని ఎక్కడ విరుగుతుందోనని మనం ముట్టుకోం. ఇది విరగదని తెలిశాక చెయ్యి ఊరుకోదు. గీకుతాం, ఆకురాయి పెడతాం, ఉప్పుకాగితంతో రుద్దుతాం.

మీ పెదనాన్న చేసింది అదే. ఎగ్జిబిషన్ దగ్గర పడిందంటే చాలు, ముందు గదిలో తలుపులు మూసుకుని పెద్ద పెద్ద పలకలు రుద్దేవారు. ఉక్క అని పైన ఫ్యాన్ ఫుల్లుగా తిరుగుతుండేది. ముక్కుకి తడి చేతిరుమాలు కట్టుకునేవారు, అదే ధైర్యం. అన్నానికి లేచి వస్తే కనుబొమలు, చెవుల మీది వెంట్రుకలు తెల్లగా ఉండేవి. పిల్లలు తాతయ్యొచ్చాడని నవ్వేవాళ్లు. ఆ తర్వాత చీపురుతో గది ఊడ్చేవారు. కింద పడ్డ దుమ్మంతా మళ్లీ లేచేది. కంటికి కనపడే దుమ్ము కిందికి దిగుతుంది కానీ, ఊపిరితో లోపలికి పోయే సన్నటి సిలికా, అంటే మట్టిలో ఉండే ఇసుకలాంటి ఖనిజం పొడి, గంటల తరబడి గాల్లోనే ఉంటుంది. చేతిరుమాలు దాన్ని ఆపలేదు.

ఏళ్లు గడిచాక దగ్గు తగ్గడం లేదని డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రే చూసి ఆయన అడిగిన మొదటి ప్రశ్న, "మీరు క్వారీలో పనిచేశారా?" అని. పెదనాన్న నవ్వి, "బొమ్మలు చేస్తానండీ" అన్నారు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కూలీలకి వచ్చిన సిలికోసిసే ఇదీ, సిలికా దుమ్ము పీల్చడం వల్ల వచ్చే ఊపిరితిత్తుల జబ్బు. ఊపిరితిత్తుల్లో పడ్డ ఆ మచ్చలు పోవు. మందులతో ఆయాసం కాస్త తగ్గుతుందంతే. మొన్న వచ్చినప్పుడు నువ్వూ చూశావుగా, మెట్ల మధ్యలో ఆగి పక్కింటి మొక్కలు చూస్తుంటారు. ఆయనకి మొక్కలంటే ఎప్పుడూ అంత ఇష్టం లేదు.

కాబట్టి నువ్వు ఎండిన బొమ్మని రుద్దావని తెలిస్తే ఊరుకోను. నునుపు చేయాలంటే చెమ్మ ఉండగానే చెయ్యి, లేదా తడి స్పాంజితో తుడువు. తప్పదనుకుంటే ఉప్పుకాగితం నీళ్లలో ముంచి వాడు. పొడి మట్టి కలిపేటప్పుడు ఎన్95 మాస్క్ ఉండాల్సిందే. నేలకి చీపురు కాదు, తడిగుడ్డ. ఆ బట్టలతో మంచమెక్కకు.

కిల్న్ సంగతి. లోపల కాగితం కాలుతుంది, పొగ వస్తుంది. అందులో వాసన లేని కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటుంది. 500 డిగ్రీలు దాటేదాకా గంటకి 100 లోపే పెంచు, పైన గాలి రంధ్రం తెరిచే ఉంచు, ఇంట్లోకి తలుపు మూసెయ్యి. పక్క ఫ్లాట్లవాళ్లకి ముందే చెప్పు, లేకపోతే ఫైరింజన్ వస్తుంది. మందంగా ఉన్నవాటిలో తేమ దాగుంటుంది, తొందరపడితే ఆవిరికి పగిలిపోతాయి. కాలాక పీచు పోయి సన్నటి రంధ్రాలు మిగులుతాయి. బొమ్మ తేలికవుతుంది కానీ గ్లేజ్, అంటే గాజులాంటి పూత, లేకపోతే నీళ్లు ఆగవు, పూలకుండీ చేసి తర్వాత నన్ను తిట్టొద్దు. వైరింగ్ ఎలక్ట్రీషియన్‌కి చూపించు.

నీ మొదటి రేకుల పువ్వు తనకే కావాలని పెదనాన్న పక్కన కూర్చుని చెబుతున్నారు. అది తర్వాత సంగతి. ముందు ఆ బాల్కనీ ఫోటో పంపు. కిల్న్ ఎక్కడ పెడతావో, పడకగది కిటికీ ఎటుందో కనపడాలి. నేను చూసేదాకా అడ్వాన్స్ కట్టకు.

మీ పెద్దమ్మ